గుండీలమ్మ ఓపికాట

మా పెద్దమ్మను వీధంతా గుండీలమ్మ అనేది. ఆ పేరంటే ఆవిడకు ఒళ్లుమంట. నేనమ్మేది గుండీలొక్కటేనా, దారాలూ జిప్పులూ లేసులూ ఎటు పోయాయి అని సణిగేది. అలాగని ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే పలికేదీ కాదు, ఇంకెవరినో అనుకుని తన పని తాను చూసుకునేది.

దుకాణం బాగా ఇరుకు. నలుగురు ఒకేసారి వస్తే ఇద్దరు మెట్ల మీదే ఆగాలి. ఆ ఇరుకులోనే మధ్యలో ఒక గాజు పలక నిలబెట్టి ఎడమవైపు పెద్దమ్మ గుండీలు, కుడివైపు పెద్దనాన్న వాచీల బల్ల పెట్టుకున్నారు. పెద్దమ్మ వైపు గోడంతా చిన్న చిన్న సొరుగులు. ఏ సొరుగు మీదా పేరు రాసి ఉండదు, లోపల ఏముందో ఆ గుండీ ఒకటి బయట కుట్టి ఉంటుంది. ఎవరైనా చొక్కా తెచ్చి దీనికి నప్పే దారం కావాలంటే, ఆ చొక్కాను గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండవెలుతురులో ఒక్కసారి చూసేది. చొక్కా వాళ్ల చేతికిచ్చేసి లోపలికి వచ్చి, వంద రీళ్లలోంచి ఒకటి లాగేది. అది అతికినట్టు సరిపోయేది. ట్యూబులైటు కింద చూసి దారం కొనేవాళ్లంటే ఆవిడకు జాలి, కాస్త చిన్నచూపు కూడా.

పెద్దనాన్న ఆవిడకు పూర్తిగా భిన్నం. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దంతా వంగి కూర్చునేవాడు. మాట్లాడడు. ఊపిరి గట్టిగా వదిలితే స్క్రూ ఎగిరిపోతుందని ఆయన బాధ. పెద్దమ్మ ఇద్దరి వంతూ తనే మాట్లాడేది కాబట్టి ఆ ఇంట్లో మాటలకు కరువు ఉండేది కాదు.

కొనేవాళ్లు లేనప్పుడు పెద్దమ్మ బల్ల మీద పేక పరిచేది. ఎదుటి మనిషి అక్కర్లేని పేకాట. కంప్యూటర్లు వచ్చాక లోకమంతా దాన్ని సాలిటైర్ అంది. పెద్దమ్మ మాత్రం ఓపికాట అనే అనేది. ఆవిడకు ఆ ఆట వాళ్ల నాన్న నేర్పాడు. ఆయన లాడ్జీలో గుమస్తా. ఎవరూ దిగని మధ్యాహ్నాలు ఆయనకు కొల్లలుగా ఉండేవి.

తెలియనివాళ్ల కోసం ఆట రెండు ముక్కల్లో చెబుతాను. కట్ట కలిపి ఏడు వరసలు పరవాలి. మొదటి వరసలో ఒక ముక్క, రెండోదాంట్లో రెండు, అలా ఏడోదాంట్లో ఏడు. ప్రతి వరసలోనూ చివరి ముక్క ఒక్కటే మొహం చూపిస్తుంది, మిగతావి బోర్లా ఉంటాయి. మిగిలిన కట్ట చేతిలో పెట్టుకుని అందులోంచి ముక్కలు తిప్పి చూసుకోవాలి. వరసల్లో పది మీద తొమ్మిది, తొమ్మిది మీద ఎనిమిది, అలా దిగుతూ పేర్చాలి. పేర్చేటప్పుడు రంగు మారాలి, ఎర్రదాని మీద నల్లది, నల్లదాని మీద ఎర్రది. పైముక్క కదిలితే కిందదాన్ని తిప్పుకోవచ్చు. వరస మొత్తం ఖాళీ అయితే ఆ చోటు రాజుకే. ఆసు దొరికినప్పుడల్లా దాన్ని పైన వేరుగా పెట్టి, దాని మీద అదే జాతి ముక్కలను రెండు నుంచి రాజు దాకా ఎక్కించాలి. నాలుగు జాతులూ ఎక్కితే ఆట పడినట్టు. సగంలో ఇరుక్కుంటే మళ్లీ కలుపుకోవడమే, తిట్టడానికి కూడా ఎవరూ దొరకరు.

ఇది ఎక్కడ పుట్టిందో గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. ఐరోపా ఉత్తరపు దేశాల్లో రెండు వందల ఏళ్లకు ముందే ఆడేవారని పుస్తకాల్లో ఆనవాళ్లున్నాయట. జోస్యం చెప్పడానికి ముక్కలు పరిచే అలవాటులోంచి వచ్చిందని కొందరి ఊహ. ఆట పడితే అనుకున్నది జరుగుతుందని చూసుకునేవారట. యుద్ధంలో ఓడి, దీవిలో బందీగా ఉన్న ఒక చక్రవర్తి దీనితోనే పొద్దుపుచ్చాడని ఒక కథ. వినడానికి బాగానే ఉంది గానీ రుజువు లేదు. అక్కడివాళ్లు కూడా దీన్ని ఓపిక అనే పిలిచారని తెలిసినప్పుడు పెద్దమ్మ, మా నాన్న ఊరికే అంటాడా అని మురిసిపోయింది. ఏడు వరసల ఆటను క్లోండైక్ అంటారు. ఒకప్పుడు బంగారం దొరుకుతుందని జనం ఎగబడ్డ ఒక మంచుప్రాంతం పేరు అది. ఆ తర్వాత ఎన్నాళ్లకో ఆట కంప్యూటర్లోకి ఎక్కింది. మౌసు పట్టడం రాని మనుషులకు వేళ్లు తిరగాలంటే ఇంతకన్నా సుఖమైన దారి ఏముంటుంది.

అయితే మా ఇంట్లో ఆడినది ఇది కాదు. మాకు రంగులతో పనే లేదు. ఇస్పేటుకూ డైమనుకూ తల మొనదేలి ఉంటుంది, అవి మొన ముక్కలు. ఆఠీనుకూ కళావరుకూ తల గుండ్రంగా ఉంటుంది, అవి గుండ్రం ముక్కలు. మొన మీద గుండ్రం, గుండ్రం మీద మొన. అక్క, అంటే పెద్దమ్మ కూతురు, అలాగే నేర్చుకుంది. సెలవులకు వెళ్లి నేనూ అలాగే నేర్చుకున్నాను. లోకమంతా ఇలాగే ఆడుతుందని మా నమ్మకం.

ఆ నమ్మకంతోనే నేను మొదటి ఉద్యోగంలో పప్పులో కాలేశాను. కొరియరు ఆఫీసులో నా బల్ల మీద కంప్యూటరు పెట్టారు. అందులో ఓపికాట కనబడగానే ప్రాణం లేచొచ్చింది. తీరా ఆఠీను మీద డైమను పెడితే అది వెనక్కి పోతోంది. కళావరు మీద ఇస్పేటు పెట్టినా అంతే. నేను తిన్నగా కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిచి, ఇందులో పేక చెడిపోయింది, సరిచెయ్యమన్నాను. అతను చూసి, ఎర్రదాని మీద ఎర్రది ఎలా కూర్చుంటుంది మేడం అని నవ్వాడు. ఆ వారమంతా ఆఫీసులో నాకు ఎర్రమేడం అని పేరు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాయంత్రం దుకాణానికి వెళ్లి పెద్దమ్మను నిలదీశాను. ఆవిడ ఒకసారి గాజు పలక అవతలికి చూసింది. పెద్దనాన్న వంచిన తల ఎత్తలేదు. యంత్రాల ఆట వేరే అయ్యుంటుంది, ఆ గొడవ ఇక్కడికి మొయ్యకు అని గొంతు తగ్గించి చెప్పి నన్ను బయటికి తీసుకొచ్చింది. మెట్ల మీద కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పి, అక్కకు కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

పెళ్లయిన కొత్తలో దుకాణం తెరిచారు. కొనేవాళ్లు పట్టుమని పదిమంది ఉండేవారు కాదు. కొత్త మొగుడు నోరు విప్పడు. ఏదో ఒకటి కలిసి చెయ్యాలి కదా అని పెద్దమ్మ పేక తీసి, ఎరుపూ నలుపూ అని ఆట నేర్పింది. ఆయన తల ఊపాడు. ఆపైన ఎర్ర ఏడు మీద ఎర్ర ఆరు పెట్టాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని పెద్దమ్మ నవ్వింది. మళ్లీ అదే చేశాడు. అప్పుడు ఆయన మొహం చూసింది. వాచీలోకి చూసినట్టు ముక్కలకేసి కళ్లు చికిలించి చూస్తున్నాడు, కణతల దగ్గర చెమట పట్టింది. పొద్దంతా రంగులతో బతికే మనిషికి విషయం అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? ఈయనకు ఎరుపూ నలుపూ ఒకటే.

తర్వాత ఆడపడుచు నోటి నుంచి మిగతాది విన్నది. పెళ్లికి ముందు ఆయన కరెంటు పని నేర్చుకోవడానికి చేరాడట. ఒక వైరు బదులు ఇంకో వైరు కలిపి, పదిమందిలో నవ్వులపాలై, నడుము నొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాడట. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆయన కూడా పెళ్లాంతో చెప్పలేదు.

పెద్దమ్మ కూడా అడగలేదు. ఏ జాతి ఏ రంగో బట్టీ పట్టమని చెప్పాలన్నా ముందు ఆ మాట ఎత్తాలి. మర్నాడు పేక పరుస్తూ, నిన్న మీకు తప్పు చెప్పానండీ, మా నాన్న నేర్పింది ఇలా కాదు, మొనా గుండ్రమూ చూసుకోవాలి అంది. అప్పటికప్పుడు అల్లిన ఆట అది. పెద్దనాన్న తేలిగ్గా ఊపిరి వదిలాడట. ఆ రోజు నుంచి, వాచీ పని లేనప్పుడల్లా స్టూలు ఇవతలికి లాక్కుని, పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆ తొమ్మిది ఇక్కడికి, ఈ జాకీ అక్కడికి అని వేలితో చూపించేవాడు. ఒక్కళ్లు ఆడాల్సిన ఆటను ఆ ఇద్దరూ అలా జీవితమంతా ఆడారు. ఆయన తన మాట నమ్మాడనే పెద్దమ్మ నమ్మింది.

ఇలా ఉండగా ఒక పొద్దున లేసు కత్తిరిస్తుంటే పెద్దమ్మ చేతిలోంచి కత్తెర జారిపోయింది. ఏమైందని అడిగితే మాట రాలేదు. పెద్దనాన్న వెంటనే ఆస్పత్రికి చేర్చాడు కాబట్టి గండం గడిచింది. కుడిచెయ్యి బలహీనపడింది. మాట తిరిగొచ్చింది గానీ మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కున్నట్టు వచ్చేది. వాగుడుకాయ లాంటి మా పెద్దమ్మ అలా మాట కోసం ఆగుతుంటే నేనే అందించబోయి నాలుక కరుచుకునేదాన్ని.

అక్క ఇద్దరినీ తన ఇంటికి తెచ్చుకుంది. దుకాణం షట్టరు దించేసింది. పక్క కొట్టులో ఫోను కవర్లు అమ్మే అతను గుండీల వైపు తనకిమ్మని అప్పటికే అడుగుతున్నాడు. పెద్దమ్మకు మాత్రం లేచింది మొదలు ఒకటే ధ్యాస, దుకాణం. పెద్దనాన్న కూడా వాచీలు వదిలేసి కూర్చున్నాడు, గాజు పలక అవతల మనిషి లేకుండా పని సాగదన్నాడు. అక్క చెడ్డది కాదు, భయస్తురాలు. అమ్మ దుకాణంలో ఉన్నప్పుడు మళ్లీ కత్తెర జారితే అని ఆవిడకు నిద్ర పట్టేది కాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వ్యాయామాలు చేయించే థెరపీ అమ్మాయి సరేనంటే దుకాణం తెరుస్తారు. కాదంటే ఆ సొరుగులన్నీ ఖాళీ చేసి కవర్ల అతనికి ఇచ్చేస్తారు. పెద్దమ్మ దానికి ఒప్పుకుంది.

థెరపీ గది మేడ మీద. గోడకు కర్రలు, బల్ల మీద మెత్తని బంకముద్దలు, చెక్కలో గుచ్చే మేకులు. ఆ అమ్మాయి నెమ్మదస్తురాలు, మణికట్టుకు ఎప్పుడూ నాలుగు రబ్బరు బ్యాండ్లు ఉండేవి. పెద్దమ్మ మేకులు బాగానే గుచ్చేది, బంకముద్ద బాగానే పిసికేది. ఒకరోజు అక్క, మా అమ్మకు ఏడు వరసల పేకాట కొట్టిన పిండి అని చెప్పింది. అలాగైతే అదే ఆడిద్దాం, చేతికీ బుద్ధికీ రెండింటికీ మంచిదని థెరపీ అమ్మాయి తన ట్యాబ్‌లో ఏడు వరసలు తెరిచింది. ఆ రోజు పెద్దమ్మ పక్కన స్టూలు మీద పెద్దనాన్న ఉన్నాడు. ఎదురుగా నేనూ అక్కా ఉన్నాం.

ఆ తెర మీద నడిచేది రంగులాటే. పెద్దమ్మ ఒక క్షణం తెర వంక, ఒక క్షణం పెద్దనాన్న వంక చూసింది. ఆపైన వేలు పెట్టి ఆఠీను మీదికి డైమను లాగింది. అది వెనక్కి పోయింది. ఆఠీను మీదికి ఇస్పేటు లాగింది, కూర్చుంది. కళావరు మీదికి ఇస్పేటు, మళ్లీ వెనక్కి. మా ఇంటి ఆటలో సరైన ఎత్తుల్లో సగం లోకం ఆటలోనూ సరైనవే, మిగతా సగమే తప్పు. చూసేవాళ్లకు ఎలా ఉంటుంది? ఒకసారి తెలివిగా, ఒకసారి మతిపోయినట్టుగా ఉంటుంది. అక్క మొహం పాలిపోయింది. ఆవిడకూ మొన, గుండ్రమే తెలుసు గానీ, ఆ కంగారులో అమ్మ చెయ్యి తప్పడం తప్ప ఇంకేమీ చూడలేదు.

రెండో వారం కూడా అదే వరస. మూడోసారి థెరపీ అమ్మాయి ట్యాబ్ తన వైపుకు జరుపుకుని, తెర మీద ఒక ముక్క చూపించి, అమ్మా, ఇది ఏ రంగు అని అడిగింది. పెద్దమ్మ పెదవి విప్పలేదు. ఇంకోటి చూపించింది. అప్పుడూ అంతే. చెబితే, తెలిసి కూడా అలా ఎందుకు పెట్టారని తర్వాతి ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఆవిడ పక్కనే కూర్చుని ఉంది. నేను ఆగలేక, మా ఇంట్లో ఆట అని ఏదో మొదలుపెట్టాను. బల్ల కింద పెద్దమ్మ నా కాలు గట్టిగా తొక్కింది. జబ్బు చేసిన మనిషికి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో.

థెరపీ అమ్మాయి అక్కతో మెల్లగా చెప్పింది. చెయ్యి బాగానే కోలుకుంటోంది. కానీ ఎరుపూ నలుపూ పోల్చుకోవడంలో తేడా ఉంది. రంగు దారాలు అమ్మే దుకాణంలో కూర్చోబెట్టడం ఇప్పట్లో మంచిది కాదు. అక్క తల వంచుకుని సరే అంది. రంగులు పోల్చుకోలేదట, మా గుండీలమ్మ. ఆ మాట ఆవిడ ముందే అంటుంటే విని కూడా ఆవిడ మింగేసింది. ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచింది, అంతే. దుకాణం పోతున్నా సరే, మొగుడి గుట్టు బయటపెట్టకూడదని పట్టుదల. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరి మీదో తెలియలేదు.

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడకి రంగులు తెలుసమ్మా," అన్నాడు. "తెలియనిది నాకు."

ఆయన ఆగకుండా చెప్పేశాడు. అన్ని మాటలు ఆయన నోటి నుంచి ఒక్కసారిగా రావడం నేనెప్పుడూ వినలేదు. తనకు ఎరుపూ నలుపూ తేడా తెలియదు. కరెంటు పని అందుకే పోయింది. ఆట అసలు రంగులతో ఆడాలి. ఆవిడ తన కోసం మార్చింది. ఇప్పుడు కూడా తను పక్కనున్నాడనే అలా ఆడుతోంది.

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. మాట కోసం చాలాసేపు వెతుక్కుంది.

"మీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి పేక నలిగిపోతే కొత్తది కొన్నాం కదా. అట్టపెట్టెలో కాగితం ఉంది, ఎలా ఆడాలో. చదివాను."

అక్క అప్పటికి పుట్టను కూడా లేదు.

"మరి... చెప్పలేదే?"

పెద్దనాన్న తన చేతుల వంక చూసుకున్నాడు. "చెబితే నువ్వు మళ్లీ రంగులాటకి వెళ్తావేమోనని. నాకు పక్కన కూర్చునే వీలుండదని."

పెద్దమ్మ ఎడమచేత్తో ఆయన మోచేతి మీద ఒక్కటిచ్చింది, కాస్త గట్టిగానే. అక్క చున్నీలో మొహం దాచుకుంది. థెరపీ అమ్మాయి కూడా కళ్లు తుడుచుకుని, పని పనే కాబట్టి, ట్యాబ్ మళ్లీ పెద్దమ్మ ముందుకు జరిపింది. ఇప్పుడు రంగులతో ఆడి చూపించమని అడిగింది.

పెద్దమ్మ ఆడింది. తేలిగ్గా ఏమీ కాదు. ఇన్నేళ్ల అలవాటు, వేలు ముందు మొనా గుండ్రం లెక్కకే పోయేది, ఆగేది, వెనక్కి వచ్చేది. కానీ తప్పు పెట్టలేదు. కాసేపటికి పెద్దనాన్న తెర మీదికి వంగి, అయోమయంగా చూసి వెనక్కి వాలాడు. ఆయనకు ఆట అందడం లేదు. పెద్దమ్మ అది గమనించింది. అక్కణ్నుంచి ప్రతి ముక్కా పెట్టేముందు దాని రంగు పైకి చెప్పడం మొదలుపెట్టింది. ఎర్ర పది. నల్ల తొమ్మిది. ఎర్ర ఎనిమిది. మాట తడబడినచోట ఆగి, మళ్లీ కూడదీసుకుని చెప్పేది. ఆయన ప్రతిదానికీ తల ఊపేవాడు.

థెరపీ అమ్మాయి కాసేపు విని లేచి అక్క పక్కకు వచ్చింది. పొద్దునపూట దుకాణం తెరవనివ్వమంది. కొన్నాళ్లు కత్తెర పని ఇంకెవరైనా చూసుకుంటే చాలంది. అక్క ఒప్పుకుని, కవర్ల అతనికి ఫోను చేయడానికి వరండాలోకి వెళ్లింది. నేను పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి, దుకాణం తెరుస్తున్నాం పెద్దమ్మా, పద అన్నాను. ఆవిడ లేవలేదు. ఆట ఇంకా సగంలో ఉంది.

"ఆగాగు," అన్నాడు పెద్దనాన్న తెర మీద వేలు పెట్టి. "ఈ రాణి ఏ రంగు?"

"ఎరుపు," అంది పెద్దమ్మ, ఆయన తల ఊపేదాకా ముక్క కదపకుండా.